మూడో పళ్ళెం

ముక్కున్న ప్రతివాళ్ళకీ వాసన తెలుస్తుందనుకోవడం ఒట్టి భ్రమ. రుషికొండలో ఉద్యోగానికి చేరిన మొదటి వారంలోనే రోజారమణికి ఈ సంగతి అర్థమైపోయింది. చాలామందికి ముక్కు కళ్ళజోడు నిలబెట్టుకోవడానికే పనికొస్తుంది. సాయిశంకర్ కళ్ళజోడు చాలా ఖరీదైనది కాబట్టి, ఆయన ముక్కు కూడా గొప్ప పనే చేస్తోందని ఒప్పుకోవాలి.

సాయిశంకర్ ఆమె యజమాని. మొన్నమొన్నటి దాకా టైల్సూ గ్రానైటూ అమ్మేవాడు. బెంగుళూరులో ఎవరో స్నేహితుడు కళ్ళముందే కాచిన బీరు తాగించాడట. ఆ మత్తు దిగకుండానే తిరిగొచ్చి, సముద్రం కనబడే వాలులో ఒక మేడ అద్దెకు తీసుకుని, కింద గాజు గోడల వెనక స్టీలు ట్యాంకులు నిలబెట్టించి, పైన బల్లలు వేయించాడు. ఆ ట్యాంకుల్లో పద్నాలుగు నెలలుగా బీరు కాస్తున్నది రోజారమణి. మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని పగలగొట్టి, వేడినీళ్ళలో నానబెట్టి, ఆ తియ్యటి నీళ్ళని వడకట్టి మరిగించి, హాప్ పువ్వులు వేసి, చల్లార్చి, ఈస్టు కలిపి, ఆపైన రెండు మూడు వారాలు చంటిపిల్లని కనిపెట్టుకున్నట్టు కనిపెట్టుకుంటే బీరవుతుంది. ఇదంతా ఆమె చేస్తుంది. గేటు దగ్గర బోర్డు మీద మాత్రం ‘భీమశంకరరావు గారి పర్యవేక్షణలో’ అని ఉంటుంది.

ఈ భీమశంకరరావు సాయిశంకర్‌కి వరసకి బావ, ఈ వ్యాపారానికి సలహాదారు. జర్మనీ వెళ్ళి పదకొండు రోజుల కోర్సు చేసొచ్చి, పదకొండేళ్ళుగా దాన్నే వడ్డించుకు తింటున్నాడు. నెలకి రెండుసార్లు కారు దిగి, గ్లాసు వెలుతురుకెత్తి చూసి, ఒక గుక్క నోట్లో గిరగిరా తిప్పి, “బాడీ నేదు బావా”, అంటే చిక్కదనం చాలదని, పెదవి విరిచి వెళ్ళిపోతాడు. ఏ బీరు ఇచ్చినా అదే మాట. ఒకసారి రోజారమణి ఒకే బీరుని రెండు గ్లాసుల్లో పోసి రెండు పేర్లు చెప్పి ఇచ్చింది. మొదటిదానికి బాడీ లేదన్నాడు. రెండోదానికి బాడీ ఎక్కువైందన్నాడు. ఆ రోజు నుంచి ఆయన్ని చూస్తే ఆమెకి కోపం కూడా రావడం మానేసింది, ఏవగింపు మాత్రం మిగిలింది.

ఆమెకి అంత పట్టింపు ఎందుకంటే, ఆమె పరవాడ నుంచి వచ్చిన మనిషి. చీపురుపల్లి పక్క పల్లెటూళ్ళో జొన్న, నువ్వు పండించే ఇంట పుట్టి, కెమిస్ట్రీ చదువుకుని, పరవాడలో ఒక మందుల కంపెనీ పరీక్షల గదిలో తొమ్మిదేళ్ళు పనిచేసింది. ఒకరోజు పైఅధికారి, చెయ్యని పరీక్షకి చేసినట్టు సంతకం పెట్టమన్నాడు. “నాను సూడని దానికి నా సంతకం ఉండదు సార్” అంది. మరుసటి నెల ఆమే ఉండలేదు. ఆ మాట చెప్పుకున్నప్పుడల్లా ఆమె మెడ కాస్త నిటారుగా నిలబడుతుంది. చెప్పుకోవడం కూడా తరచుగానే చెప్పుకుంటుంది.

ఆ వేసవిలో హాప్స్ గొడవ వచ్చింది. హాప్ అనేది తీగకి పూసే పువ్వు. ఆకుపచ్చ రేకులు పొరలు పొరలుగా ముడుచుకుని బొటనవేలంత ఉంటుంది. రేకులు విప్పితే లోపల పసుప్పచ్చటి పొడి. బీరుకి చేదూ వాసనా ఇచ్చేది ఆ పొడే. ఏడాదికొక్కసారే కోతకొస్తుంది గనుక, తెప్పించిపెట్టే వ్యాపారి ఏడాదికి సరిపడా సరుకు ఒక్కసారే చెప్పమంటాడు. ఈ చిన్న దుకాణానికి ఒక్క రకమే తెప్పించగలరు. ఏ రకమన్నదే తగువు.

రోజారమణిది సాజ్ రకం. నెమ్మదైన పువ్వు. కోసిన గడ్డి వాసన, అందులో చిటికెడు మిరియం, అంతే. వేపిన వంజరం చేప ముక్క పక్కన ఒద్దికగా కూర్చుని, తాగినవాడి చేత రెండో గ్లాసు అడిగిస్తుంది. భీమశంకరరావుది సిట్రా. అది పండిన మామిడిలా గుప్పుమంటుంది.

“సిట్రా ఎయ్యాల బావా. గ్లాసు ఎత్తితే నాలుగు బల్లల అవతలికి కొట్టాల వాసన” అన్నాడాయన.

“అంత మామిడి వాసనే కావాలంటే పూర్ణా మార్కెట్‌కెళ్ళి బుట్టెడు సువర్ణరేఖ తెచ్చుకుంటే సరిపోద్ది కదండీ. దానికి అమెరికా పువ్వెందుకు?” అంది రోజారమణి.

“ఈవిడకి ట్రెండ్ తెల్దు బావా. మందుబిళ్ళల కంపెనీ నుంచి వచ్చినోలికి బీరు కూడా మందులాగే ఉండాల.”

సాయిశంకర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, గొప్ప తీర్పు చెప్పేవాడిలా గొంతు సవరించుకున్నాడు. “మీ తగువు నాకొద్దు. మూడు రకాలు శాంపిల్ తెప్పిద్దాం. పేర్లు నేకుండా పళ్ళేల్లో పెట్టి వాసన సూద్దాం. ఎవరు సెప్పిన రకం నెగ్గితే ఆలే మన బ్రూమాస్టరు. రెండోవోలు ఆల కింద పనిసెయ్యాల. ఒప్పుకుంటారా రమణి గారూ?”

ఒప్పుకోక ఏం చేస్తుంది? విశాఖ పాత ఊళ్ళో రేకుల మీద పేర్లు చెక్కే హసన్ భాయ్ చేత ఆయన అప్పటికే ఒక రాగి రేకు చేయించి తెచ్చాడు. పైన ‘బ్రూమాస్టర్’ అని చెక్కి ఉంది. కింద పేరుకి చోటు ఖాళీగా ఉంది. దాన్ని పెద్ద ట్యాంకు పక్కన గోడకి బిగిస్తాడట. అక్కడ తన పేరు పడితే, పద్నాలుగు నెలల చాకిరీకి ఒక ముఖం వస్తుంది. భీమశంకరరావు పేరు పడితే, ఇక మీదట ఆమె రాసే ప్రతి కాగితం మీదా ఆయన సంతకం, ఆయన చెప్పిన ప్రతి అబద్ధం మీదా ఆమె సంతకం. పరవాడలో వదులుకొచ్చిందేదో రుషికొండలో మళ్ళీ ఎదురొస్తుంది. ఆ రేకు కోసం ఆమె లోపల్లోపల ఎంత ఆశపడిందో ఎవరికీ తెలియనివ్వలేదు.

సిట్రా, కాస్కేడ్, సాజ్ — మూడు రకాల పువ్వులూ గాలి తీసేసి బిగించిన వెండిరంగు పొట్లాల్లో, పేర్లు లేకుండా నంబర్లతో వచ్చాయి. రోజారమణి వాటిని చల్లగదిలో పెట్టి, ‘వాసన చూసే వేళ దాకా విప్పరాదు’ అని చీటీ రాసి అంటించింది. ఏ నంబరు ఏ రకమో వ్యాపారి రాసి పంపిన కాగితాన్ని మడత విప్పకుండానే కవరులో పెట్టి సాయిశంకర్ చేతే సీలు వేయించింది. పరీక్ష శుక్రవారం ఉదయం తొమ్మిది పదిహేనుకి. పదిహేనే ఎందుకంటే, ముహూర్తం. వాసన చూడ్డానికి కూడా ముహూర్తం పెట్టించిన మనిషిని ఆమె అంతకుముందు చూడలేదు.

శుక్రవారం ఎనిమిదిన్నరకి ఆమె వచ్చేసరికి చల్లగది తలుపు దగ్గర చీటీ కింద పడి ఉంది. లోపల పొట్లాలు కనబడక ఆఫీసు గదిలోకి పరిగెత్తింది. గది నిండా సాంబ్రాణి పొగ. దేవుడి పీఠం మీద మూడు పళ్ళేల్లో, నంబర్ల వరసలోనే, మూడు రకాల పువ్వులూ శుభ్రంగా విప్పి పోసి ఉన్నాయి. అంచులకి పసుపు, కుంకుమ బొట్లు. సాయిశంకర్ నుదుట కూడా అంతంత బొట్టుంది.

“సార్, ఇవెప్పుడు విప్పేరు?”

“నిన్న సాయంత్రం పూజకేనండి. రాత్రంతా స్వామి ముందున్నాయి.”

“సల్లగదిలో ఉండాల్సిన సరుకు సార్ ఇది! గాలి తగిలితే వాసన మారిపోద్ది. సీటీ కూడా అంటించినాను కదా?”

“సదివేనండి. అలగని మూసిన పొట్లం దేవుడి ముందు ఎలా పెడతాం? మీ ఇంట్లో నైవేద్యం గిన్ని మీద మూత ఉంచుతారేటి?”

రోజారమణి వాళ్ళింట్లో కూడా ఉంచరు మరి. వారం ఆగి వేరే శాంపిల్స్ తెప్పిద్దామంది. ముహూర్తం మించిపోతుందన్నాడు. లక్షణమైన పువ్వులు సముద్రపు తేమలో రాత్రంతా నోళ్ళు తెరుచుకుని పడుంటే, ఈయనకి ముహూర్తం మించిపోతోందట. ఛీ, అనుకుంది. కొండ దిగి బస్సెక్కి సీతమ్మధారలోని తన గదికి వెళ్ళిపోదామా అని కూడా అనుకుంది. గోడకానించిన రాగి రేకు కంటబడి ఆగిపోయింది.

పై అంతస్తులో, సముద్రం వైపు కిటికీలన్నీ తెరిచి పరీక్ష పెట్టారు. సాయిశంకర్, భీమశంకరరావు, సాయిశంకర్ గ్రానైటు రోజుల స్నేహితులు ఇద్దరు. ఆ ఇద్దరికీ హాప్ అంటే గెంతడమని తప్ప ఇంకే సంగతీ తెలియదు. పళ్ళేలు అందించడానికి పైడితల్లి నిలబడింది. పైడితల్లి ట్యాంకులు కడిగే మనిషి, యాభై దాటినావిడ. రోజారమణి ఊరి అలవాటు ప్రకారం ఆమెని అక్క వరసలో ‘అప్పా’ అంటుంది.

ఎలా చూడాలో రోజారమణే చూపించింది. నాలుగు పువ్వులు అరచేతిలో వేసుకుని, రెండు చేతులతో గట్టిగా నలిపి, వేడెక్కాక దోసిలి పట్టి అందులో ముక్కు పెట్టాలి. మొదటి పళ్ళెం నలిపారు. అది సిట్రా అని రోజారమణికి దోసిట్లో ముక్కు పెట్టకుండానే తెలిసిపోయింది. మామిడి ఉంది గానీ, రాత్రి గాలికి ముగ్గి, అడుగంటిన పళ్ళ జామ్‌లా ఉంది. భీమశంకరరావు దాన్ని వాసన చూసి మొహం చిట్లించాడు.

“ఇది ఒట్టి పల్లెటూరి సరుకు బావా. ఇదే అయ్యుంటాది సాజ్ అంటే” అన్నాడు.

నవ్వు ఆపుకోవడానికి రోజారమణి కిటికీ వైపు తిరిగింది. తను ఇన్నాళ్ళూ తలకెత్తుకుంటున్న సిట్రానే ఆ మనిషి తన్నేశాడు. రెండో పళ్ళెం కాస్కేడ్. దాన్ని ముక్కు దాకా తెచ్చి, అందరూ చేతులు దులిపేసుకున్నారు.

మూడో పళ్ళెం నలిపేసరికి గ్రానైటు స్నేహితులిద్దరూ ఒకేసారి “ఆహా” అన్నారు. సాయిశంకర్ కళ్ళు మూసుకున్నాడు. భీమశంకరరావు ఏకంగా కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

“దొరికేసింది బావా! ఇదీ సిట్రా అంటే. ముందు పండు. ఆ ఎనక అడవి. ఆ ఎనక సూడు... ఏదో పాత గుళ్ళోకి ఎల్లినట్టు. మా జర్మనీ ప్రొఫెసరు సెప్పేవాడు, అసలైన పువ్వుకి ఆధ్యాత్మికత ఉంటాదని.”

రోజారమణి తన దోసిట్లో ముక్కు పెట్టింది. అడుగున ఎక్కడో తన సాజ్ ఉంది, కోసిన గడ్డి, చిటికెడు మిరియం. దాని పైన, దుప్పటి కప్పినట్టు, సాంబ్రాణి. ఒట్టి సాంబ్రాణి. ప్రతి శుక్రవారం ఇంట్లో పీల్చే వాసనని విదేశీ పొట్లంలో పెట్టి ఇచ్చేసరికి, విదేశం నుంచే వచ్చి ఉంటుందని నలుగురు పెద్దమనుషులూ పరవశించిపోతున్నారు. ఇంతకంటే బుద్ధితక్కువ ముక్కులు నాలుగు ఒక్కచోట చేరడం విశాఖపట్నం చరిత్రలో జరిగి ఉండదని ఆమెకనిపించింది.

పైడితల్లి పక్కకొచ్చి ఆమె చెవిలో అంది. “ఏటమ్మా ఇది, మన సాంబ్రాణే కదా? నిన్న పూజ కాడ పొగ గిన్ని పెట్టడానికి జాగా నేక మూడో పళ్ళేన్ని దగ్గరికి జరిపినాను. పొగంతా దాని మీదికే పోనాది. సెప్పండమ్మా ఆలకి.”

చెప్పాలి. నోరు తెరిస్తే చాలు. రోజారమణి నోరు తెరిచింది కూడా. గాజు తలుపులోంచి కింద ట్యాంకు పక్కన ఖాళీ గోడ కనబడుతోంది. గెలుస్తున్నది తన పువ్వే. అర్హత ఉన్న పువ్వే. వెధవలకి అసలు వాసన తెలియకపోతే అది పువ్వు తప్పా?

“ఊరుకో అప్పా. నీకేటి తెలుసు వీటి గురించి?” అంది.

పైడితల్లి ఆమె ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పళ్ళెం తీసుకుని వెనక్కి వెళ్ళింది. నలుగురూ మూడుకే ఓటేశారు. కవరు చించారు. మూడు, సాజ్. భీమశంకరరావు గొంతులో వెలక్కాయ పడింది, కానీ మింగడానికి ఆయనకి రెప్పపాటు కూడా పట్టలేదు.

“నాను మొదట్నించీ అంటన్నాను కదా బావా, సాజ్‌ని తక్కువగా సూడకూడదని” అన్నాడు.

హసన్ భాయ్ రేకు మీద రోజారమణి పేరు అందంగా చెక్కాడు. సాయిశంకర్ కొబ్బరికాయ కొట్టి దాన్ని గోడకి బిగించాడు. ఆమె ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక వేలితో తన పేరు తడిమి చూసుకుంది. తను గెలిచింది నిజం, అవతలివాళ్ళు దద్దమ్మలు కావడం అంతకంటే నిజం అనుకుంది. దద్దమ్మలన్న మాట పదేపదే అనుకుంటే మనసుకి కాస్త హాయిగా ఉంది.

ఏడాది సరుకు వచ్చింది. శుభ్రమైన సాజ్. దానితో ఆమె కాచిన బీరు, ఆమె బతుకులో కాచిన బీరన్నింటిలోకీ మంచిది. తేటగా, లేత బంగారు రంగులో, నాలుక చివర చేదు తాకి తాకనట్టు తాకి పోతోంది. గ్లాసు పట్టుకుని కాసేపు ఒక్కతే కూర్చుంది. కళ్ళలో నీళ్ళు తిరిగినంత పనైంది.

మరునాడు బావాబావమరుదులు రుచి చూశారు. సాయిశంకర్ గ్లాసు వాసన చూశాడు, మళ్ళీ చూశాడు, ముఖం మాడ్చుకున్నాడు.

“బాగుందండి. కానీ ఆ వాసనేదీ? ఆ గుడి వాసన?”

“నేదు బావా! అస్సలు నేదు. డూప్లికేట్ సరుకు అంటగట్టీసినాడు ఆ యాపారి. మొత్తం ఎనక్కి పంపించీ. సిట్రా తెప్పిద్దాం” అంటూ భీమశంకరరావు గోడ వైపు చూశాడు. “అప్పుడు ఆ రేకు మీద పేరు కూడా మార్చుకోవాల గదా.”

సాయిశంకర్ ఫోను తీశాడు, వ్యాపారిని తిట్టడానికి. ఆ వ్యాపారి పాపం నిక్కమైన సరుకు పంపాడు. రోజారమణికి ఒక్కటే వాక్యం నాలుక మీదికొచ్చింది. అది సాంబ్రాణి సార్, పువ్వు వాసన కాదు. ఆ వాక్యం అంటే పరీక్ష చెల్లదు. మళ్ళీ పెడితే శుభ్రమైన సిట్రా మామిడిలా గుప్పుమంటుంది, ఈ నాలుగు ముక్కులూ దాని వెంట పరిగెడతాయి. రేకు ఊడుతుంది. పైగా, తెలిసీ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. పైడితల్లి ఒక మూల ట్యాంకు కడుగుతూ చెయ్యి ఆపి ఇటే చూస్తోంది.

“సరుకు మంచిదే సార్” అంది రోజారమణి. “ఈసారి దేవుడి ముందు పెట్టలేదు కదా. అందుకే ఆ వాసన రాలేదు.”

ముక్క అబద్ధం లేదు అందులో. సాయిశంకర్ ఫోను బల్లమీద పెట్టేసి, రెండు చేతులూ జోడించాడు. ఒళ్ళు పులకరించిపోయిందాయనకి.

“సూసేవా బావా! నాను తొందరపడి ఆ యాపారిని అనీసేవోడిని. రమణి గారూ, మీరు సైన్సు సదివినోలు, మీరే అన్నారంటే ఇంక తిరుగు నేదు. ఇక మీదట ప్రతిసారీ స్వామి ముందు పెట్టాకే ఎయ్యండి.”

అప్పటినుంచీ బీరు కాచే ముందురోజు పువ్వులన్నీ పళ్ళేల్లోకి విప్పి, పెద్ద ట్యాంకు పక్కకి మార్పించిన పీఠం మీద పెట్టడం ఆనవాయితీ అయింది. సాంబ్రాణి గిన్నె ఎంత దూరంలో ఉండాలో, ఎన్ని గంటలు పొగ తగలాలో రోజారమణే కొలిచి పెట్టింది. కొలతల్లో ఆమెకి పొరపాటు రాదు. బీరుకి పేరొచ్చింది. వారాంతాల్లో కుర్రకారు గ్లాసులెత్తి ఫొటోలు తీసుకుంటూ ఏదో ప్రశాంతత ఉంది ఇందులో అనుకుంటున్నారు. భీమశంకరరావు హైదరాబాదులో ఎక్కడో వేదికెక్కి సాజ్ పువ్వులోని ఆధ్యాత్మికత గురించి మాట్లాడి వచ్చాడు. రోజారమణికి ఇప్పుడు ఆయన్ని చూసి నవ్వడానికి కూడా వీల్లేకుండా పోయింది.

బీరు కాచిన ప్రతిసారీ ఒక కాగితం నింపాలి. ఆ కాగితం ఆమే తయారుచేసింది, పరవాడ పద్ధతిలో. అందులో ‘వాసన’ అనే గడి ఉంది. ఒకరోజు ఆమె ఆ గడిలో ‘సహజం, హాప్ పువ్వుది’ అని రాసి, కింద సంతకం పెట్టింది. ఎనిమిదో సంతకం అది. మొదటిసారి రెండు కాగితాలు చింపేసింది. ఇప్పుడు ఒక్కటీ చింపట్లేదు.

ట్యాంకు పక్కన పైడితల్లి చింతపండు పెట్టి రాగి రేకు తోముతోంది. కడిగి, పైట చెంగుతో తుడిచి, ఒకసారి ముక్కు దగ్గరగా పెట్టి చూసింది.

“ఏటి అప్పా, మెరవలేదా?” అంది రోజారమణి తలెత్తకుండా.

“మెరిసిందమ్మా, బాగానే మెరిసింది. వాసనే పోట్లేదు. రోజూ పొగ పట్టేసి, మీ పేరు కాడ కూడా సాంబ్రాణే ఏత్తంది” అని, పైడితల్లి చింతపండు పిప్పి బకెట్టులో పడేసింది. “నాకేటి తెలుసులెండి వీటి గురించి” అని బకెట్టు తీసుకుని బయటికి నడిచింది.